కీబోర్డు మీద పిల్లల చెయ్యి ఎన్ని నిమిషాలు?

నల్లగొండ జిల్లాలోనో నాగర్‌కర్నూల్ జిల్లాలోనో ఒక జడ్పీ హైస్కూల్ ఉందనుకుందాం. తొమ్మిదో తరగతిలో 40 మంది పిల్లలు. ల్యాబ్‌లో 11 కంప్యూటర్లు. వారానికి రెండు కంప్యూటర్ పీరియడ్లు, ఒక్కొక్కటి 45 నిమిషాలు. అన్నీ బాగా పనిచేస్తున్నా ఒక్కో కంప్యూటర్ ముందు దాదాపు నలుగురు కూర్చుంటారు. మౌస్ ఒక్కటే కాబట్టి ఒక్కో పిల్లకు పీరియడ్‌కు 11 నిమిషాలు, వారానికి 22 నిమిషాలు వస్తాయి. పరీక్షలు, బతుకమ్మ, దసరా, సంక్రాంతి సెలవులు పోగా ఏడాదిలో నికరంగా 30 వారాలు పాఠం జరిగిందంటే మొత్తం 11 గంటలు. అన్నీ కలిసొస్తేనే ఈ లెక్క. పదకొండింటిలో ఐదే నడుస్తుంటే ఒక్కో దాని ముందు ఎనిమిది మంది. అప్పుడు ఏడాది మొత్తానికి ఒక్కో పిల్లకు దక్కేది ఐదున్నర గంటలు.

సైకిల్ నేర్చుకునే పిల్లకు సైకిల్‌ను ఒకసారికి ఐదారు నిమిషాలు, వారానికి రెండుసార్లు మాత్రమే ఇస్తే ఎప్పటికి వస్తుంది? మిగతా సమయమంతా పక్కన నిలబడి, తొక్కేవాళ్లను చూడమంటే? చూసి నేర్చుకునే విద్యలు వేరు, చేసి నేర్చుకునే విద్యలు వేరు. కంప్యూటర్ రెండో రకం.

సర్కారు బడుల్లో కంప్యూటర్ విద్య గురించి మాట్లాడేటప్పుడు ఎన్ని బడులకు కంప్యూటర్లు ఇచ్చారు, ఎన్ని తరగతి గదుల్లో డిజిటల్ తెరల ప్యానెళ్లు బిగించారు, ఎన్ని బడులకు ఇంటర్నెట్ ఉంది అనే లెక్కలే వినిపిస్తాయి. కేంద్ర విద్యాశాఖ ఏటా తీసే బడుల లెక్క యూడైస్ 2023-24 ప్రకారం దేశంలోని సర్కారు, ప్రైవేటు బడులన్నింటిలో 57.2 శాతానికి కంప్యూటర్, 53.9 శాతానికి ఇంటర్నెట్ ఉన్నాయి. ఈ అంకెలు అవసరమే. కానీ ఒక బడిలో కంప్యూటర్ ఉండటానికి, ఆ బడిలో చదివే పిల్ల చెయ్యి కీబోర్డు మీద పడటానికి మధ్య చాలా దూరం ఉంది. పాలమూరు (మహబూబ్‌నగర్), నల్లగొండ జిల్లాల్లో ఆ దూరానికి ప్రత్యేకమైన కారణాలున్నాయి. దాన్ని తగ్గించే దారులు కూడా ఇక్కడి బతుకులోనే ఉన్నాయి.

యంత్రం వచ్చింది, మనిషి రాలేదు

కేంద్రం 2004 డిసెంబరులో బడుల్లో ఐసీటీ (సమాచార, కమ్యూనికేషన్ సాంకేతికత) పథకం మొదలుపెట్టింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దాని కింద 2008లో 5,000 ఉన్నత పాఠశాలల్లో కంప్యూటర్ ల్యాబులు పెట్టారు. బడికి 11 కంప్యూటర్లు. ఇప్పటికీ చాలా ఊళ్లలో కంప్యూటర్ రూమ్ అనగానే పాతవాళ్లకు గుర్తొచ్చేది అదే. ఆ పథకం బూట్ పద్ధతిలో నడిచింది. అంటే కంపెనీ తన ఖర్చుతో యంత్రాలు పెట్టి, పాఠం చెప్పే మనుషులను కూడా తనే నియమించి, ఒప్పందం ఉన్నన్నాళ్లు నడిపి, ఆ తర్వాత యంత్రాలను బడికి అప్పగించి వెళ్లిపోతుంది.

ఈ పద్ధతిలో అసలు లోపం ఆ చివరి మెట్టు దగ్గర ఉంది. గడువు తీరాక యంత్రాలు బడికి మిగులుతాయి, మనుషులు మిగలరు. యంత్రాలేమో అప్పటికే ఐదేళ్లు వాడినవి. యూపీఎస్ బ్యాటరీల ఆయుష్షు రెండు మూడేళ్లే. కొత్త బ్యాటరీ కొనడానికి బడి గ్రాంటులో డబ్బు చాలదు. కరెంటు పోతే కంప్యూటర్ పోతుంది, ఇలా పదిసార్లు పోతే హార్డ్ డిస్క్ దెబ్బతింటుంది. స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కిన వస్తువు పోతే జవాబు చెప్పాల్సింది హెచ్‌ఎం. అందుకే గదికి తాళం పడుతుంది. ఆ తాళం వేసిన హెచ్‌ఎంను నిందించి లాభం లేదు. పాడైతే బాగుచేయించే దారి లేదు, పోతే మాత్రం అడిగేవాళ్లున్నారు. అలాంటప్పుడు ఎవరైనా తాళమే వేస్తారు.

హైస్కూల్లో గణితానికి, భౌతికశాస్త్రానికి, జీవశాస్త్రానికి, సోషల్‌కు, భాషలకు స్కూల్ అసిస్టెంట్లు ఉంటారు. వ్యాయామానికి పీఈటీ ఉంటారు. కంప్యూటర్‌కు మాత్రం అలా మంజూరైన పోస్టు లేదు. ఆసక్తి ఉన్న గణితం సారో ఫిజిక్స్ మేడమో ఉంటే ఆ బడిలో కంప్యూటర్ పాఠం జరుగుతుంది. వాళ్లు బదిలీ అయిపోతే పాఠం కూడా వాళ్లతోపాటే వెళ్లిపోతుంది.

దీనికి తోడు పదో తరగతి. తెలుగు, హిందీ, ఇంగ్లిష్, గణితం, సైన్స్, సోషల్. పబ్లిక్ పరీక్షలో ఉన్నవి ఇవే. జనవరి వచ్చిందంటే పొద్దునా సాయంత్రం ప్రత్యేక తరగతులు, స్లిప్ టెస్టులు. పరీక్షలో లేని కంప్యూటర్ పీరియడ్‌ను గణితానికి తీసుకున్నారంటే అది ఏ సారుదో తప్పు కాదు. జిల్లా ఉత్తీర్ణత శాతం ఎంత అని అడుగుతారు గానీ, మీ పిల్లలు ఒక పట్టిక వేసి మొత్తం కట్టగలరా అని అడిగేవాళ్లు లేరు.

బడుల బాగు కోసం రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన ‘మన ఊరు - మన బడి’ 2022 మార్చి 8న పాలమూరు ప్రాంతంలోని వనపర్తిలోనే మొదలైంది. బడికి ఏర్పరచాల్సిన 12 రకాల సౌకర్యాల్లో డిజిటల్ సౌకర్యాలు కూడా ఒకటి. తర్వాత హైస్కూళ్లకు పెద్ద తెరల ప్యానెళ్లు వచ్చాయి. వాటి మీద గుండె ఎలా కొట్టుకుంటుందో చూపించవచ్చు, త్రికోణాన్ని తిప్పి చూపించవచ్చు. మంచి పనిముట్టే. కానీ ప్యానెల్‌ను తాకేది టీచర్. పిల్లలు చూసేవాళ్లు. ప్యానెల్ ఉంది కాబట్టి కంప్యూటర్ విద్య కూడా ఉన్నట్టే అనుకోవడం, టీవీలో వంట చూసి కడుపు నిండిందనుకోవడం లాంటిది.

ఫోన్ వచ్చిన పిల్లలకు కంప్యూటర్ ఎందుకు?

ఈ ప్రశ్న తల్లిదండ్రులే అడుగుతారు. పిల్లలకు ఫోన్‌లో రానిదేముంది అంటారు. 2023 అసర్ నివేదిక గ్రామాల్లోని 14 నుంచి 18 ఏళ్ల పిల్లల మీద చేసిన సర్వే. సర్వే చేసిన జిల్లాల్లో 90 శాతం దాకా ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉంది, పిల్లలకు వాడటమూ వచ్చు. అదే నివేదికలోని ఇంకో అంకె దగ్గర ఆగాలి. ఫోన్ వాడటం వచ్చిన పిల్లల్లో సొంత ఫోన్ ఉన్న మగపిల్లలు 43.7 శాతం, ఆడపిల్లలు 19.8 శాతం.

అంటే ఇంట్లో ఫోన్ ఉన్నంత మాత్రాన ఆడపిల్ల చేతిలో ఉన్నట్టు కాదు. నాన్న జేబులోనో అన్న జేబులోనో ఉంటుంది. పని పూర్తయ్యాక, వంటింట్లో గిన్నెలు కడిగాక, ఎవరూ వాడని కాసేపు ఆమెకు దొరుకుతుంది. ఎవరితో మాట్లాడుతున్నావనే అనుమానం కూడా దానితోపాటే వస్తుంది. కాబట్టి జడ్పీ హైస్కూల్లో ఉన్న ల్యాబ్, మగపిల్లవాడికి అదనపు సౌకర్యం అయితే కావచ్చు గానీ ఆడపిల్లకు అది ఏకైక అవకాశం. ఒక కంప్యూటర్ ముందు ముగ్గురు మగపిల్లలు, ఒక ఆడపిల్ల కూర్చుంటే మౌస్ ఎవరి చేతిలో ఉంటుందో ఏ టీచర్‌నడిగినా చెబుతారు. ఆడపిల్లలకు విడిగా బెంచీలు వేసినా, చేతులు మారే సమయాన్ని గడియారం చూసి మార్చినా, ఈ ఒక్క మార్పుకు పైసా ఖర్చు ఉండదు.

ఇక ఫోన్‌లో వచ్చేదేమిటి? చూడటం, పంపడం, నొక్కడం. తొమ్మిదో తరగతి పిల్లాడు రీల్‌కు పాట జతచేసి, అక్షరాలు అతికించి పెట్టగలడు. అదే పిల్లాడిని ఆ వీడియో ఫోన్‌లో ఎక్కడ భద్రమైంది, అది ఎంత జాగా తింటోంది, పేరు మార్చి వేరే చోట ఎలా పెట్టాలి అని అడిగితే తడబడతాడు. ఫైల్, ఫోల్డర్ అనే ఆలోచనే ఫోన్ దాచిపెడుతుంది. వాడేవాడికి సులువుగా ఉండాలని అలా తయారుచేశారు. కానీ డిగ్రీలో చేరాక ప్రాజెక్టు రిపోర్టు రాయాలన్నా, గ్రామ పంచాయతీలో డేటా ఎంట్రీ ఉద్యోగం చేయాలన్నా, నల్లగొండ, మహబూబ్‌నగర్ ఐటీ టవర్లలో అడుగుపెట్టాలన్నా పని మొదలయ్యేది అక్కడే.

తెలుగు టైపింగ్ సంగతీ అంతే. పిల్లలు వాట్సాప్‌లో తెలుగు మాటలను ఇంగ్లిష్ అక్షరాల్లో కొడతారు. తెలుగు లిపిని కంప్యూటర్ గుర్తుపట్టే ఏర్పాటు యూనికోడ్‌లో 1991 నుంచీ ఉంది. భారతీయ భాషల కోసం చేసిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో హల్లులు కుడివైపు, అచ్చులు, గుణింతాల గుర్తులు ఎడమవైపు ఉంటాయి. ఆ అమరిక తెలిశాక రోజుకు పావుగంట సాధనతో చెయ్యి అలవాటు పడుతుంది. క, దాని కింద ఒత్తు, పక్కన గుణింతం ఏ వరుసలో పడతాయో టైపు చేస్తుంటే పిల్లలకు తెలుగు అక్షరం నిర్మాణమే కొత్తగా అర్థమవుతుంది. తెలుగు మేడంకు కంప్యూటర్ ల్యాబ్‌లో పనేముంది అనుకుంటాం గానీ, ఈ పాఠం ఆమె చెబితేనే బాగుంటుంది.

పోచంపల్లి గ్రాఫ్ పేపర్ నుంచి

ఉమ్మడి నల్లగొండ జిల్లాలో పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం చేనేత ఊళ్లు. అక్కడ ఇక్కత్ డిజైన్ ముందు గ్రాఫ్ పేపర్ మీద పుడుతుంది. ఒక్కో గడి కొన్ని పోగులకు లెక్క. ఏ గడికి రంగు అంటాలో, ఏ గడికి అంటకూడదో నిర్ణయించి, అంటకూడని చోట దారాన్ని బిగించి చిటికి కడతారు. తర్వాత రంగులో ముంచుతారు. ఆ రంగు దారాలు మగ్గం మీదికి ఎక్కినప్పుడు, కాగితం మీద గడులుగా ఉన్న ఏనుగో చిలకో బట్ట మీద తేలుతుంది.

కంప్యూటర్ తెర మీద బొమ్మ ఏర్పడేదీ సరిగ్గా ఇలాగే. తెర అంటే చాలా చిన్న గడులున్న గ్రాఫ్ పేపర్. దీన్ని చెప్పడానికి కంప్యూటర్ కూడా అక్కర్లేదు. పిల్లలకు 16 అడ్డ గడులు, 16 నిలువు గడులు ఉన్న కాగితం ఇచ్చి ఒక పువ్వు వేయమనాలి. రంగు వేసిన గడికి 1, వేయని గడికి 0 రాయమనాలి. ఇప్పుడు ఇద్దరిని వీపు వీపు ఆనించి కూర్చోబెట్టి, ఒకరు అంకెలు చదువుతుంటే ఇంకొకరు తమ కాగితం మీద గడులు నింపాలి. మాట తప్పులేకుండా చేరితే అదే పువ్వు అవతలి కాగితం మీద పూస్తుంది. వాట్సాప్‌లో ఫొటో పంపడం అంటే ఏమిటో ఆ రోజు వాళ్లకు అర్థమవుతుంది. మొత్తం 256 గడులు, అంటే 256 బిట్లు. ఎనిమిది బిట్లు ఒక బైట్ కాబట్టి ఆ పువ్వు బరువు 32 బైట్లు.

ఇంకో మెట్టు ఎక్కవచ్చు. 256 అంకెలు చదవడం విసుగు. ‘సున్నా, సున్నా, సున్నా, సున్నా, సున్నా’ అనే బదులు ‘ఐదు సున్నాలు’ అంటే సరిపోతుంది కదా అని ఎవరో ఒక పిల్లే అంటుంది. ఫైల్ సైజు తగ్గించే పద్ధతుల్లో మొదటిది అదే. చిటికి కట్టే మనిషి కూడా ఒక్కో గడిని విడిగా కట్టరు, వరుసగా వచ్చే గడులన్నింటినీ కలిపి ఒకే కట్టు కడతారు. ఈ ప్రాంతంలో ఎన్నో ఇళ్లలో అమ్మానాన్నలు రోజూ చేసే పనిలో కంప్యూటర్ సైన్స్ మొదటి పాఠాలున్నాయి. పాఠ్యపుస్తకం వాటిని పట్టించుకోవాలి.

చింతకింది మల్లేశం జీవితం ఇక్కడ గుర్తు చేసుకోవాల్సిందే. ఆలేరు దగ్గర శారాజీపేటలో నేత కుటుంబంలో పుట్టి, ఆరో తరగతితో చదువు ఆపేసిన మనిషి. చిటికి కట్టే ముందు దారాన్ని కొయ్యల చుట్టూ పోసే ‘ఆసు’ పని ఆయన తల్లి లక్ష్మి చేసేవారు. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ తిరగాలి. భుజం నొప్పితో తల్లి పడే బాధ చూడలేక యంత్రం మొదలుపెట్టి, ఏళ్ల తరబడి పట్టువిడవకుండా 1999లో పూర్తి చేశారు. ఐదారు గంటల పని గంటన్నరకు తగ్గింది. ఆ యంత్రానికి తల్లి పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఒక పనిని చిన్న చిన్న కదలికలుగా విడగొట్టి, ఏ కదలిక ఎన్నిసార్లు, ఏ వరుసలో జరుగుతుందో లెక్కగట్టి, దాన్ని యంత్రానికి అప్పగించడం. ప్రోగ్రామింగ్ అనే మాటకు ఇంతకన్నా మంచి వివరణ దొరకదు.

పాఠం ఎక్కడ మొదలుపెట్టాలి

2020 జాతీయ విద్యావిధానం ఆరో తరగతి నుంచే కోడింగ్ నేర్పాలంటుంది. మాట మంచిదే. కానీ కోడింగ్ అనగానే ఇంగ్లిష్ మాటలను బోర్డు మీద రాసి బట్టీ పట్టించే ప్రమాదం ఉంది. కంప్యూటర్‌ను కనిపెట్టినవారెవరు, సీపీయూ పూర్తి పేరేమిటి, మానిటర్ ఇన్‌పుట్టా అవుట్‌పుట్టా అని నోట్సు రాయించడం ఇప్పటికే చూస్తున్నాం. ఇవి వచ్చినా పిల్లలకు పని రాదు.

న్యూజిలాండ్‌లోని కాంటర్‌బరీ విశ్వవిద్యాలయం పరిశోధకులు కంప్యూటర్ లేకుండానే కంప్యూటర్ సైన్స్ నేర్పే ఆటలను తయారుచేసి ప్రపంచానికి ఉచితంగా ఇచ్చారు. అందులో ఒకటి 16, 8, 4, 2, 1 చుక్కలున్న ఐదు అట్టముక్కల ఆట. అట్ట తిప్పితే 1, మూస్తే 0. ఆ ఐదింటితో 0 నుంచి 31 దాకా ఏ సంఖ్యనైనా చూపించవచ్చు. అట్టల బదులు చింతగింజలు పెట్టినా నడుస్తుంది. పొద్దున ప్రార్థనలో పిల్లలను ఎత్తు వారీగా నిలబెట్టడం కూడా ఒక పాఠమే. పక్కపక్కనున్న ఇద్దరిని మాత్రమే పోల్చుతూ, పొడవైనవాళ్లను ఒక్కో అడుగు వెనక్కి జరుపుతూ పోతే వరుస సరిపడేదాకా ఎన్నిసార్లు పోల్చాలో పిల్లలే లెక్కపెడతారు. పదిమందికి ఎంత, ఇరవైమందికి ఎంత అని చూస్తే, మంది రెట్టింపయితే పని రెట్టింపు కాదు, దాదాపు నాలుగింతలవుతుందని బయటపడుతుంది.

గణితం పాఠంలోనే ఇంకో బంగారం ఉంది. యూక్లిడ్ పద్ధతిలో గ.సా.భా. కనుక్కోవడం. 84ను 30తో భాగిస్తే శేషం 24. 30ని 24తో భాగిస్తే శేషం 6. 24ను 6తో భాగిస్తే శేషం సున్నా. కాబట్టి గ.సా.భా. 6. రెండువేల మూడువందల ఏళ్ల నాటి ఈ పద్ధతి, నేటికీ కంప్యూటర్ పుస్తకాల్లో అల్గారిథమ్‌కు, అంటే మెట్టు మెట్టుగా పని చేసే పద్ధతికి, మొదటి ఉదాహరణ. శేషం సున్నా అయ్యేదాకా అదే పని మళ్లీ మళ్లీ చెయ్యి అని పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో నాలుగైదు వరుసల్లో రాయవచ్చు. చేత్తో రెండు మూడు చేశాక, తాము రాసిన నాలుగు వరుసలు ఆరంకెల సంఖ్యలకు కూడా రెప్పపాటులో జవాబిచ్చాయంటే పిల్లలకు కలిగే ఆనందం వేరు. పరీక్షకు వచ్చే లెక్కే కాబట్టి గణితం సారుకూ పీరియడ్ వృథా అయిందన్న టెన్షన్ ఉండదు.

అయితే హైస్కూల్లో అన్నిటికంటే ముందు నేర్పాల్సింది కోడింగ్ కాదు, స్ప్రెడ్‌షీట్, అంటే గడుల పట్టికలో అంకెలు ఎక్కించి లెక్కలు చేసే ప్రోగ్రామ్. చాలామంది దీన్ని ఆఫీసు గుమాస్తా పనిగా చూస్తారు. నిజానికి ఆలోచనకూ పనికీ మధ్య ఇంత దగ్గరి దారి ఇంకోటి లేదు. సూత్రం రాయడం, షరతు పెట్టడం, గ్రాఫ్ గీయడం అన్నీ అందులోనే వస్తాయి. తొమ్మిది, పది తరగతుల్లో సగటు, మధ్యగతం, బాహుళకం ఎలాగూ ఉన్నాయి. పుస్తకంలోని ఉత్తుత్తి మార్కుల పట్టికకు బదులు ఊరి అంకెలు ఎక్కించాలి.

ఏ అంకెలు? నారాయణపేట పిల్లలకు మార్కెట్‌లో కందుల ధర. నల్లగొండ పిల్లలకు బత్తాయి ధర. జడ్చర్ల పిల్లలకు బాదేపల్లి మార్కెట్ ధరలు. నెలరోజులు రోజుకో అంకె ఎక్కిస్తే, ఏ వారం ఎందుకు పడిపోయిందో ఇంట్లో నాన్నను అడగాల్సి వస్తుంది. ఆయన చెప్పే జవాబు కూడా పాఠంలో భాగమే. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు పిల్లలకు ఫ్లోరైడ్ అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు, తాతల వంగిన కాళ్లే చెబుతాయి. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఆమోదయోగ్యం, వేరే నీళ్లు దొరకనప్పుడు గరిష్ఠంగా 1.5 మిల్లీగ్రాములు అని భారత ప్రమాణం. పరీక్ష కిట్‌తో పాత బోర్లు, చేతిపంపులు, ఇంటి నల్లా నీళ్లు పరీక్షించి, పట్టికలో ఎక్కించి, ‘1.5 దాటితే ఎరుపు’ అని షరతు రాస్తే తమ ఊరి పటం వాళ్ల కళ్ల ముందుంటుంది. సైన్స్ మేడం పాఠం, గణితం సారు పాఠం, కంప్యూటర్ పాఠం వేరువేరుగా ఉండవు అప్పుడు.

వలస, పత్తి, నాగాలు

పాలమూరులో ఏ చదువు గురించి మాట్లాడినా వలసను పక్కనపెట్టి మాట్లాడలేం. కోస్గి, మద్దూరు, నారాయణపేట వైపు నుంచి ముంబై, పుణె దాకా పనికి వెళ్లే కుటుంబాలున్నాయి. గద్వాల ప్రాంతంలో విత్తన పత్తి చేలల్లో పూలకు పుప్పొడి అద్దే రోజుల్లో బడిలో హాజరు పడిపోతుంది. ఆ పని వర్షాకాలంలో, బడి ఊపందుకునే సమయంలోనే వస్తుంది. అలాంటి పిల్ల ఆరు వారాల తర్వాత తిరిగొస్తే, ఒకదాని మీద ఒకటి పేర్చిన పాఠ్యక్రమంలో ఆమెకు చోటుండదు. తొలి మెట్టు తెలియదు కాబట్టి ఏడో మెట్టు అర్థం కాదు. సిగ్గుపడి వెనక కూర్చుంటుంది.

అందువల్ల ఇక్కడి కంప్యూటర్ పాఠాలు దేనికదే పూర్తయ్యే చిన్న పనులుగా ఉండాలి. ఒక పీరియడ్‌లో మొదలై అక్కడే ముగిసే పని. ఈరోజు ఒక ఉత్తరం, రేపు ఒక ధరల పట్టిక, ఎల్లుండి ఒక గ్రాఫ్. ప్రతి పనికీ ఒక పేజీ కాగితం, తెలుగులో, బొమ్మలతో. నాగాలు పడిన పిల్ల ఆ కాగితం చూసి పక్కవాళ్ల సాయంతో చేసుకోగలగాలి. 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు ఇంగ్లిష్ మీడియం వచ్చాక, పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు ఉంటున్నాయి. కంప్యూటర్ పాఠానికి ఆ అమరిక చక్కగా కుదురుతుంది. తెర మీద మాటలు ఇంగ్లిష్‌లోనే ఉంటాయి, ఆ మాట ఎందుకుందో తెలుగులో తెలియాలి.

2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55.04 శాతం, ఆడవాళ్లలో 44.72 శాతం. ఉమ్మడి నల్లగొండలో మొత్తం 64.20 శాతం. ఆ రోజు చదువు రానివాళ్ల లెక్కలో ఉన్న అమ్మల పిల్లలే ఇప్పుడు హైస్కూల్లో ఉన్నారు. ఆ ఇళ్లలో బ్యాంకు మెసేజ్ చదివేది, ఫోన్‌పేలో డబ్బు పంపేది, పట్టా పాస్‌బుక్ వివరాలు వెతికేది ఎనిమిదో తరగతి పిల్లే. ఓటీపీ చెప్పమని ఫోన్ వస్తే జవాబిచ్చేది కూడా ఆమే. కాబట్టి జాగ్రత్తల పాఠం ఆమె ఒక్కదాని కోసం కాదు, ఇంటిల్లిపాది కోసం. డబ్బు రావాలంటే పిన్ కొట్టనక్కర్లేదన్న ఒక్క ముక్క తెలిసినా ఒక కుటుంబం కైకిలి డబ్బు నిలబడుతుంది. మోసం జరిగితే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలని, ఫొటోలతో ఎవరైనా బెదిరిస్తే దాచుకోకుండా మేడంకు చెప్పవచ్చని, తప్పు బెదిరించినవాడిదే గానీ ఆమెది కాదని బడిలో గట్టిగా చెప్పాలి.

దరఖాస్తు నింపడం కూడా పాఠమే. ఎనిమిదో తరగతిలో రాసే ఎన్‌ఎంఎంఎస్ పరీక్షలో ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయల స్కాలర్‌షిప్ వస్తుంది. ఆధార్‌లో పేరు ఒకలా, బడి రికార్డులో ఒకలా ఉండటం వంటి చిన్న తేడాలతో ఇబ్బంది పడే పిల్లలుంటారు. దరఖాస్తులో ఏ వివరం ఎందుకడుగుతారో, ఎక్కడ సరిచూసుకోవాలో ల్యాబ్‌లోనే చేయించవచ్చు.

ఏఐ గురించి రెండు మాటలు. పిల్లలు ఇప్పటికే ఫోన్‌లో చాట్‌బాట్‌ను హోంవర్క్ అడుగుతున్నారు. వద్దంటే మానరు. దానికి బదులు తమ ఊరి గురించే అడగమనాలి. చెరువు పేరు, జాతర ఏ నెలలో, పాత బడి ఎప్పుడు కట్టారు. వచ్చిన జవాబును ఊళ్లో పెద్దవాళ్లతో సరిచూసి, ఏది నిజం, ఏది కల్పన అని గీతలు గీయమనాలి. తెలిసిన విషయంలో అది ఎంత ధీమాగా తప్పు చెప్పగలదో చూసిన పిల్ల, తెలియని విషయంలో దాన్ని గుడ్డిగా నమ్మదు.

కేరళ చేసిన పని

కేరళ 2000ల మొదట్లో ఐటీ ఎట్ స్కూల్ పేరుతో మొదలుపెట్టింది. అక్కడ ప్రధానంగా చేసిన పని, బయటి మనుషుల మీద ఆధారపడకుండా బడిలో ఉన్న టీచర్లకే శిక్షణ ఇచ్చి, ప్రతి హైస్కూల్లో వాళ్లలో ఒకరిని ఐటీ బాధ్యుడిగా పెట్టడం. ఉచిత సాఫ్ట్‌వేర్ వాడి లైసెన్సుల ఖర్చు తప్పించుకున్నారు. పదో తరగతిలో ఐటీకి పరీక్ష పెట్టారు, అందులో ప్రాక్టికల్ ఉంటుంది. 2018లో లిటిల్ కైట్స్ పేరుతో పిల్లల క్లబ్బులు పెట్టి, బడిలోని యంత్రాల బాగోగులు చూడటంలో వాళ్లకూ చోటిచ్చారు.

ఇందులో ఏదీ తెలంగాణకు అందనిది కాదు. ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ అయిన లైనక్స్ పెడితే పాత కంప్యూటర్లలో కొన్ని మళ్లీ లేస్తాయి. చలకుర్తి, వట్టెం నవోదయల వంటి సీబీఎస్ఈ బడులకు తొమ్మిది, పది తరగతుల్లో ఐటీ, ఏఐ నైపుణ్య సబ్జెక్టులుగా తీసుకునే వీలుంది. పక్క ఊరి జడ్పీ హైస్కూల్ పిల్లకు ఆ వీలు లేకపోవడానికి న్యాయమైన కారణమేదీ లేదు. పూర్తి సబ్జెక్టు పెట్టడానికి ఏళ్లు పట్టవచ్చు. ప్రతి బడిలో ఒక టీచర్‌కు బాధ్యత అప్పగించి, ఆ మేరకు ఆయన పీరియడ్లు తగ్గించి, మండలానికి ఒక రిపేరు మనిషిని పెట్టడానికి అన్నేళ్లు అక్కర్లేదు.

అప్పటిదాకా ఒక బడి తనంతట తాను చేయగలిగింది ఒకటుంది. ప్రతి కంప్యూటర్ పక్కన దారంతో కట్టిన ఒక నోటుబుక్కు, ఒక పెన్ను. మౌస్ చేతిలోకి తీసుకున్న పిల్ల తన పేరు, మొదలుపెట్టిన సమయం, వదిలిన సమయం రాయాలి. నెల చివర తొమ్మిదో తరగతి పిల్లలే ఆ పుస్తకాలను స్ప్రెడ్‌షీట్‌లోకి ఎక్కించి, ఎవరికి ఎన్ని నిమిషాలు దక్కాయో మొత్తం కట్టాలి. మగపిల్లలకు ఎంత, ఆడపిల్లలకు ఎంత, నాగాలు పడి వచ్చినవాళ్లకు ఎంత, ఏ కంప్యూటర్ ఎన్ని రోజులు ఆగిపోయింది అని వేరువేరుగా తీయాలి. ఆ పట్టికను ప్రింట్ తీసి హెచ్‌ఎం గది తలుపు మీద అంటించాలి. వచ్చే నెల ముందుగా ఎవరిని కూర్చోబెట్టాలో దాన్ని చూసి తేల్చుకోవచ్చు.